వంతు మారే ముందు

డాక్టర్ కామాక్షి అడిగింది చిన్న ప్రశ్నే. ఈ మూడు నెలల్లో పెద్దాయనకు యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా, ఎక్కడైనా ఆసుపత్రిలో చేర్చారా అని. దానికి సీతారామయ్య కోడళ్ళిద్దరూ ఒక్కసారే లేదన్నారు. పెద్ద కోడలు సుష్మ, చిన్న కోడలు ఉమ కలిసి ఒకే మాట మీద నిలబడడం ఆ కుటుంబంలో అదే మొదలు. తన మాట మటుకు పచ్చి అబద్ధమని ఉమకు తెలుసు.

అది సీతారామయ్యను ఐసీయూలో చేర్చిన రోజు సంగతి. మర్నాడు పొద్దెక్కినా జ్వరం దిగలేదు. ఆక్సిజన్ పెంచారని నర్సు చెప్పి వెళ్ళింది. ఐసీయూ తలుపు బయట ఉమ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. లిఫ్టు దాకా పోయి వస్తుంది, కిటికీ దాకా పోయి వస్తుంది, తాగిన నీళ్ళే మళ్ళీ తాగుతుంది. పక్కన కూర్చున్న ఎవరో పెద్దావిడ కాళ్ళు ముడుచుకుని దారిచ్చీ దారిచ్చీ విసిగిపోయి, ఒకచోట కూర్చోమ్మా అంది. ఉమ కూర్చుంది. మళ్ళీ లేచింది.

ఆమె తిరుగుడంతా ఆ ఒక్క జవాబు చుట్టూనే. ఆ జవాబు ఎందుకలా చెప్పిందో తెలియాలంటే ముందు ఈ ఇంటి వంతుల సంగతి చెప్పాలి.

సీతారామయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా దిగిపోయినవాడు. భార్య పోయాక ఇద్దరు కొడుకులూ ఆయనను పంచుకున్నారు. పంచుకోవడమంటే ఆస్తి పంచుకున్నంత పద్ధతిగానే. పెద్దవాడు జగన్మోహన్‌ది ఉప్పల్, చిన్నవాడు నరేన్‌ది నాచారం. రెండు నెలలు అక్కడ, రెండు నెలలు ఇక్కడ. వంతు మారేది ఆదివారం పూట. ఆయన బట్టల బ్యాగు, బీపీ మాత్రల డబ్బా, చేతికర్ర, వెంట ఒక కోడలు వండిన కూర ఒక టిఫిన్‌లో. తోడికోడళ్ళు గుమ్మంలో నవ్వుకుంటారు, టీ తాగుతారు, మామను అప్పగించి ఎవరి దారిన వాళ్ళు పోతారు. చూసేవాళ్ళకు ముచ్చటగానే ఉంటుంది.

ముచ్చట చెడిపోయింది ఒక చలికాలంలో. నాచారం నుంచి ఉప్పల్ వచ్చిన సీతారామయ్య వచ్చిన రోజే తుమ్మాడు. మర్నాటికి జ్వరం. సుష్మ ఊరుకుంటే బాగుండేది. కీసరలో ఏదో పెళ్ళికి పోయినప్పుడు పదిమంది చుట్టాలలో, ఉమా వాళ్ళింట్లో ముసలాయనను బాల్కనీలో కూర్చోబెడతారట, జ్వరంతో తోలిచ్చిన్రు, నేను బాగు చేసుకున్న అంది. ఆ మాట ఉమ చెవిన పడేటప్పటికి ఇంకాస్త కారం పట్టించి ఉంది. ఉమకు తల కొట్టేసినట్టయింది. మామకు వేడినీళ్ళు పెట్టింది తను, కాళ్ళకు నూనె రాసింది తను, ఒక తుమ్ముతో అదంతా నీళ్ళపాలు.

ఆనాటి నుంచి ఎవరూ చెప్పుకోని నియమమొకటి పుట్టింది. మామను అప్పగించేటప్పుడు దగ్గు ఉండకూడదు, జలుబు ఉండకూడదు, ముఖం తేటగా ఉండాలి. అద్దెకు తెచ్చిన సామాను గీత పడకుండా తిరిగిచ్చినట్టు ఇవ్వాలి. వంతు మారే వారం వచ్చిందంటే ఉమ చెవులు ఆయన గొంతు మీదే ఉండేవి. ఖళ్ళుమన్నాడా, ఆ సాయంత్రమే వీధి చివర మెడికల్ షాపుకు పోయి, జర గట్టి గోలీలు ఇయ్యి అన్నా అనేది. షాపువాడు గట్టివే ఇచ్చేవాడు. చీటీ అడిగిన పాపాన పోలేదు. రెండు రోజులు వేస్తే దగ్గు అణిగేది. అణగ్గానే ఆపేసేది, మిగిలిన మాత్రలు ఫ్రిజ్ మీద పెట్టేది. వాటి పేరేమిటో, ఎన్ని రోజులు వాడాలో ఆమె అడగలేదు. అడగాల్సింది దగ్గు గురించి కదా, మాత్రల గురించి కాదు కదా అనుకుంది. ఇలా అనుకునే వాళ్ళు మన వీధుల్లో ఇంటికొకరు చొప్పున ఉన్నారు, ఒక్క ఉమనే అనుకోవడం ఎందుకు.

అయితే ఈసారి వంతు చివర్లో దగ్గు మాత్రలకు లొంగలేదు. ఒళ్ళు కాలిపోయి, మాట తడబడి, సీతారామయ్య లేవలేని స్థితికి వచ్చాడు. భయపడి నరేన్, ఉమ కలిసి ఆయనను మల్లాపూర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. సెలైన్‌లు, పూటపూటా ఇంజెక్షన్లు. కోలుకున్నాడు. కానీ వంతు ఆదివారం దగ్గర పడింది. ఉప్పల్ నుంచి ఫోన్లు వస్తుంటే నరేన్, నాయిన దర్శనానికని కీసరకు పోయిండు, ఉమా వాళ్ళ చిన్నమ్మ దగ్గర రెండు రోజులుండి వస్తడు అని చెప్పేశాడు. కీసర గుట్ట మీద దేవుడి పేరు అడ్డం పెట్టుకుని ఆడిన అబద్ధం కాబట్టి ఎవరూ అనుమానించలేదు. ఉమ మామ దగ్గర కూర్చుని మెల్లగా, ఉప్పల్‌లో చెప్పొద్దు మామా అంది. ఆయన మంచం మీద పడుకునే తలూపాడు. సుష్మకు ఎందుకు చెప్పుడు, పరేషాన్ అయితది అన్నాడు. కొత్త చొక్కా తొడిగి, గడ్డం గీయించి, టిఫిన్‌లో దోసకాయ కూర పెట్టి అప్పగించి వచ్చారు.

మూడు వారాలు తిరగకుండానే జగన్మోహన్ ఫోన్ చేశాడు. నాయిన ఊపిరి అందక ఎగబోస్తున్నాడు, బయలుదేరమని. ఆసుపత్రిని కూడా అన్నదమ్ములు ఉప్పల్‌కూ నాచారానికీ సరిగ్గా మధ్యలో చూసుకున్నారు, ఎవరూ ఎక్కువ దూరం తిరిగామని అనడానికి లేకుండా. ఇంతవరకూ జరిగింది ఒక ఎత్తు. చేర్చిన రోజు నరేన్ నోరు పారేసుకోవడం ఒక ఎత్తు. నిమోనియా అని డాక్టర్ చెప్పగానే అతనికి భయం కోపమై నెత్తికెక్కింది. చుట్టాలు నలుగురూ నిలబడి ఉండగా, మా ఇంట్ల ఉన్నన్ని దినాలు ఇనుప గుండు లెక్క ఉండె, మీ ఇంటికి తోలియ్యంగనే గిట్లయిండు, ఏం సూస్కుంటున్రు మీరు అని అన్న మీద ఎగిరాడు. చూపు మాత్రం వదిన మీదే. సుష్మ కొంగు నోట్లో కుక్కుకుని మెట్ల వైపు పోయి ఏడ్చింది. ఉమ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమెకు నోరు పెగలలేదు. కాదు, పెగల్చలేదు. డాక్టర్ ఆ ప్రశ్న అడిగింది సరిగ్గా ఆ తర్వాతే. ఆ వాతావరణంలో ఉమ లేదనక ఏమంటుంది.

ఇప్పుడు మధ్యాహ్నం కావస్తుండగా డాక్టర్ కామాక్షి ఇద్దరు కోడళ్ళనూ పిలిచి నిలబెట్టి మాట్లాడింది. సన్నగా, నిదానంగా మాట్లాడే మనిషి. పెద్ద వయసులో నిమోనియా వస్తే మామూలుగా ఏ క్రిములు ఉంటాయో వాటికి తగిన మందే మొదలు పెట్టానని, కానీ అది పట్టడం లేదని చెప్పింది. కొందరిలో మందులకు లొంగని క్రిములు ఉంటాయి. ఈమధ్య ఆసుపత్రిలో పడుకున్న వాళ్ళలో, ఇంజెక్షన్లు పడిన వాళ్ళలో, మాత్రలు మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన వాళ్ళలో, మంచానికి అతుక్కుపోయిన వాళ్ళలో అలాంటివి ఎక్కువ. తేలికవి చచ్చిపోయి మొండివి మిగులుతాయి. వాటికి వేరే మందులున్నాయి. అయితే అవి కిడ్నీల మీద పడతాయి. పెద్దాయన కిడ్నీలు అంతంత మాత్రమే. ఊరికే అనుమానం మీద ఆ మందులు పెడితే ఒక చోట కాపాడి ఇంకో చోట చంపినట్టవుతుంది.

"ఏ క్రిమో తేల్చే కల్చర్ రిపోర్టు రావడానికి ఇంకా టైము పడుతుంది. ఆయనకు అంత టైము ఉందని నాకు నమ్మకం లేదు," అంది డాక్టర్. "అందుకే మళ్ళీ అడుగుతున్నాను. బాగా గుర్తు చేసుకోండి. ఏదైనా ఉంటే నేను రిస్క్ తీసుకుంటాను. ఏమీ లేకపోతే తీసుకోలేను."

సుష్మ నేల చూపులు చూస్తూ తల అడ్డంగా ఊపింది. ఉమ నోటి దాకా మాట వచ్చింది. పక్కన సుష్మ చీర అంచు కనబడుతోంది. మాట వెనక్కి పోయింది. డాక్టర్ ఇద్దరినీ ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఉమ గబగబా మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చింది. రాత్రి వాన పడి వెలిసింది. ఫ్లైఓవర్ స్తంభాల మధ్య బురదలో బస్సులూ ఆటోలూ ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. టీ బండి దగ్గర టీ చెప్పి తాగకుండానే నరేన్‌కు ఫోన్ చేసింది. అతను మల్లాపూర్‌లో కంపెనీ షెడ్డు బయటికి వచ్చి మాట్లాడాడు, వెనక మిషన్ల మోత. ఉమ చెప్పిందంతా విన్నాడు.

"నువ్వేం చెప్పకు," అన్నాడు. "నిన్న అన్నను అందరి ముంగట అన్ని మాటలన్న. ఇప్పుడు మనమే దాసినమంటే నేను ముఖమెట్ల సూపియ్యాలె? వాళ్ళు డాక్టర్లు, వాళ్ళకు తెల్వదా. రిపోర్టు వస్తది గదా."

"రిపోర్టు వచ్చేదాక మామ ఆగడంటున్నది డాక్టరమ్మ."

"గట్లనే భయపెడ్తరు వాళ్ళు," అన్నాడు నరేన్. అతని గొంతు మాత్రం అలా అనలేదు. ఏడుపు ఆపుకుంటున్న మనిషి గొంతది. ఉమకు మొగుడి మీద జాలి, కోపం ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు చూపాలో తెలియక ఫోన్ పెట్టేసింది.

ఆమె అప్పుడు ఒక దొంగ ఉపాయం ఆలోచించింది. డాక్టర్‌కు ఒక్కదానికే చెబితే సరి. సుష్మ వినకుండా, జగన్మోహన్‌కు తెలియకుండా, చెవిలో చెప్పేసి వస్తే ప్రాణమూ దక్కుతుంది, పరువూ దక్కుతుంది. ఈ ఆలోచనతో కాళ్ళకు బలం వచ్చింది. టీ గ్లాసు బండి మీద పెట్టేసి పైకి వచ్చి ఐసీయూ తలుపు తోసింది. సెక్యూరిటీ మనిషి శాంతాబాయి చెయ్యి అడ్డం పెట్టింది. పాసు ఏదమ్మా అంది. ఒక పేషెంటుకు ఒకే పాసు, పాసు ఉన్న మనిషే లోపలికి. డాక్టర్‌తో ఒక్క మాట అంటే, డాక్టరమ్మ రౌండ్స్‌లో ఉన్నారు, అయ్యాక హబ్సిగూడలో క్లినిక్‌కు వెళ్తారు, సాయంత్రం రండి అంది. ఉమ బతిమాలింది. శాంతాబాయి కరిగే రకం కాదు.

పాసు సుష్మ మెడలో ఉంది. చేర్చిన రోజు నుంచీ అక్కడే ఉంది. నరేన్ అన్న మాటకు జవాబుగా ఆమె ఆ పాసు తీయకుండా మెడలో వేసుకుని తిరుగుతోంది, స్నానానికి ఇంటికి పోయినా జగన్మోహన్ మెడలో వేసి పోయింది తప్ప ఉమ చేతికి ఇవ్వలేదు. మామను నేనే చూసుకుంటానని లోకానికి చూపించడానికి ఆమెకు మిగిలింది అదొక్కటే. ఉమ ఒక్కసారి కూడా అడగలేదు, అడిగే ముఖం లేక.

సుష్మ వరుస చివర కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళ కింద నల్లబడి, జడ సగం ఊడి. ఉమ ఆమె దాకా పోయి ఆగింది. వెనక్కి తిరిగింది. కిటికీ దాకా పోయింది. కిటికీ దగ్గర ఆమెకు మామ ఎగబోస్తున్న ఛాతీ కళ్ళకు కట్టింది. నిన్న మాస్కు పై నుంచి ఆయన కళ్ళు ఆమెనే చూశాయి, తలుపు అద్దంలోంచి. నీ మాట నేను చెప్పలేదు బిడ్డా అన్నట్టున్నాయి. ఊపిరి అందకపోయినా ఆ ముసలాయన మాట నిలుపుకుంటున్నాడు. ఆ మాట ఆయన ప్రాణం తీస్తోంది. ఉమకు ఏడుపు తన్నుకొచ్చింది. తిరిగి వచ్చి సుష్మ ఎదురుగా నిలబడింది.

"అక్కా, ఆ పాసు జర ఇయ్యవా."

"ఎందుకు?"

"డాక్టరమ్మతోని మాట్లాడాలె."

"ఏం మాట్లాడాల్నో నాకు చెప్పు. నేను పోయి అడుగుత."

ఉమ పక్క కుర్చీలో కూర్చుంది. తలుపు ఎప్పుడు తెరుచుకుని డాక్టర్ వెళ్ళిపోతుందోనని అటే చూస్తూ చెప్పింది.

"మామను మేము దవాఖానల షరీకు జేసినం అక్కా. మీకు అప్పగిచ్చే ముందల. మల్లాపూర్ల. ఇంజెక్షన్లు ఇచ్చిన్రు. కీసరకు పోయిండన్నది అబద్ధం."

సుష్మ మెడలో పాసు తాడును వేళ్ళకు చుట్టుకోసాగింది. ఉమ తిట్టు కోసం ఎదురు చూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"మరి నిన్న మీ ఆయన అందరి ముంగట నన్ను అన్ని మాటలంటుంటే," అంది సుష్మ, "నువ్వు గోడకు ఒరిగి సూస్కుంట నిలబడ్డవు గద ఉమా."

"నిలబడ్డ."

"మా అమ్మగారింట్ల గూడ తెలిసింది. మామను ఆగం జేసిందట సుష్మ అని. నిన్నటి సంది నాకే అనిపిస్తున్నది, నేనేం తప్పు జేసిన్నో అని."

క్షమించమని అడగడానికి అది సమయం కాదు. ఉమ తలుపు వైపు మళ్ళీ చూసింది. సుష్మ ఆ చూపు గమనించింది. ఆమె ముఖంలో కోపం ఇంకా పైకే వస్తోంది, నోరు తెరిస్తే ఆసుపత్రి అంతా వినేటట్టుంది. కానీ ఆ కోపం ఎక్కడో దారిలో ఆగిపోయింది. ఆమె తాడు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నేను గూడ గోలీలు ఇచ్చిన," అంది. "మీ ఇంటికి తోలే వారం, మెడికల్ షాపుల అడిగి. దగ్గుకుంట వస్తే నువ్వేమంటవో అని. తగ్గంగనే బందువెట్టిన. మొన్న మళ్ళ దగ్గు లేస్తే మళ్ళ అవే ఏసిన. తగ్గుతదేమో, మీ దాక రాకుంట అయితదేమో అనుకున్న. అందుకే దవాఖానకు తెచ్చుడు ఆలస్యమైంది."

ఉమ ఆమెను తేరిపార చూసింది. ఇన్నేళ్ళూ తన ఇంట్లో తను ఒక్కతే చేస్తున్న దొంగతనం అనుకున్నది ఉప్పల్‌లో కూడా అచ్చంగా అలాగే జరుగుతోంది. ఇద్దరూ ఒకరికొకరు భయపడి, ఆ భయాన్ని మాత్రలు చేసి ఆయన గొంతులో వేశారు. ఆయన వేసుకున్నాడు. ఒక ఇంట్లో వేసుకున్న సంగతి ఇంకో ఇంట్లో చెప్పలేదు.

సుష్మ పాసు మెడలోంచి తీసింది. జడకు చిక్కుకుంటే లాగేసింది. ఉమ మెడలో వేసింది.

"నువ్వే పో. నాది గూడ చెప్పు. నాకు కాళ్ళు వస్తలెవ్వు."

శాంతాబాయి ఈసారి పాసు చూసి చెయ్యి తీసేసింది. డాక్టర్ కామాక్షి సీతారామయ్య మంచం దగ్గరే ఉంది. ఉమ ముందూ వెనకా లేకుండా చెప్పేసింది. మల్లాపూర్, ఇంజెక్షన్లు, ఫ్రిజ్ మీద మిగిలిన మాత్రలు, ఉప్పల్ మాత్రలు, అన్నీ. డాక్టర్ మధ్యలో ఆపి మందు పేరు అడిగింది. ఉమకు తెలియదు. నర్సింగ్ హోమ్ పేరు చెప్పింది. నరేన్‌కు ఫోన్ చేసి, అక్కడికి పోయి ఏ ఇంజెక్షన్లు ఇచ్చారో కనుక్కుని డాక్టర్‌తో మాట్లాడించమంది. నరేన్ ఎందుకని అడగలేదు. చెప్పేసినవా అన్నాడు. చెప్పిన అంది. బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది.

డాక్టర్ తిట్టలేదు. నర్సును పిలిచి కొత్త మందులు రాసింది, కిడ్నీలకు సరిపడా మోతాదు లెక్క వేయించింది, మూత్రం ఎంత వస్తోందో గంటగంటకూ చూడమంది. పాత మందు సీసా దింపేశారు. అంతా అయ్యాక ఉమ వైపు తిరిగింది.

"నిన్న చెప్పాల్సింది," అంది. అంతే అంది. ఉమకు ఆ రెండు ముక్కలు చాలాకాలం చెవిలో ఉండిపోయాయి.

మంచం మీద సీతారామయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన అంతా విన్నాడు. మాస్కు కింద పెదవులు కదిలాయి గానీ మాట తెలియలేదు. ఉమ ఆయన చేయి పట్టుకుంది. కాలిపోతోంది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఉమను అడిగితే సరిగ్గా చెప్పలేదు. ఒక పూట జ్వరం కాస్త దిగిందనేవారు, ఇంకో పూట కిడ్నీ పరీక్ష బాగోలేదనేవారు. డయాలసిస్ అనే మాట ఒకసారి వినబడి మళ్ళీ వినబడకుండా పోయింది. పాసు ఉమ మెడలో కొంతసేపు, సుష్మ మెడలో కొంతసేపు ఉండేది. కల్చర్ రిపోర్టు వచ్చింది. మొదట పెట్టిన మందుకు ఆ క్రిమి లొంగేది కాదట, రెండో మందుకు లొంగుతుందట. ఇంకో రోజు ఆలస్యమైతే అని డాక్టర్ మొదలుపెట్టి మిగతాది చెప్పకుండా ఊరుకుంది.

అన్నదమ్ముల సంగతి అంత సులభంగా తేలలేదు. నరేన్ అన్న దగ్గరికి పోయి నిలబడితే జగన్మోహన్ ముఖం తిప్పుకున్నాడు. మా ఆమెను అన్నప్పుడు నలుగురు ఉన్నరు, ఇప్పుడు గూడ నలుగురిని పిలిచి చెప్పు అన్నాడు. నరేన్ నిజంగానే ఆ నలుగురికీ ఫోన్లు చేశాడు. ఒక్కొక్కరితో మాట్లాడేటప్పుడు చెమటలు కక్కాడు. అయినా జగన్మోహన్ అతనితో మాట్లాడలేదు, టీ తెచ్చిస్తే తాగాడు, అంతవరకే.

మూడు వారాలు గడిచాక సీతారామయ్యను ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు. మనిషి సగమైపోయాడు. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి సాయి ప్రియ వచ్చి వీపు మీద తట్టి, తాతా, గట్టిగా దగ్గండి, లోపల తెమడ ఉంది, అది బయటికి రావాలి అంది. సీతారామయ్య గొంతు సవరించుకున్నాడు. అంతే. మళ్ళీ దగ్గమంది. ఆయన తల గోడ వైపు తిప్పుకుని, పెదవులు బిగించి, వచ్చిన దగ్గును గుటక వేసి మింగేశాడు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి, చప్పుడు మాత్రం రాలేదు. సాయి ప్రియ విసుగ్గా, ఇలా ఆపుకుంటే మళ్ళీ నిమోనియా వస్తుందమ్మా, మీరైనా చెప్పండి అంది. ఈయనకు దగ్గు వస్తోంది, కావాలనే ఆపుతున్నాడు, ఇంత బాగా ఆపుకోవడం ఎక్కడ నేర్చుకున్నాడో అని కూడా అంది.

కోడళ్ళిద్దరూ మంచానికి చెరొక పక్కా ఉన్నారు. ఉమ గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పట్టింది.

"నొప్పి లేస్తున్నదా మామా?" అంది.

లేదని ఆయన తలూపాడు. రెండు గుక్కలు తాగి, ఊపిరి కూడదీసుకుని ఈరోజు తారీఖు ఎంత అని అడిగాడు. సుష్మ చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు.

"అయితే వంతు దగ్గరవడ్డది," అన్నాడు. "దగ్గు తగ్గింది బిడ్డా. మంచిగనే ఉన్న. ఇగ తోలొచ్చు నన్ను."

ఉమ గ్లాసు పక్కన పెట్టింది. ఆయన దగ్గు చెవిన పడి తను మాత్రలు వేసింది కొన్ని వంతుల్లోనే. మరి మిగతా వంతుల్లో, వంతు మారే ప్రతి వారంలో, ఆయన ముఖం తేటగానే ఉండేది, గొంతు చప్పుడు లేకుండానే ఉండేది. మామకు ఒంట్లో బాగుందని తను సంతోషపడింది. ఇన్నేళ్ళు ఆయన ఏ గోడ వైపు తిరిగి, ఏ దుప్పటి కింద, ఎన్ని దగ్గులు మింగాడో ఆమె ఎప్పుడూ చూడలేదు. తల ఎత్తి సుష్మను చూసింది. సుష్మ చూపులోనూ అదే ఉంది.

"ఎవరింటికో చెప్పుండ్రి," అన్నాడు సీతారామయ్య. "ఎవరి వంతు ఇప్పుడు?"

సుష్మ ఆయన వీపు కింద చేయి వేసి లేపి కూర్చోబెట్టింది. ఉమ ఇంకో పక్క నుంచి భుజం పట్టుకుంది.

"ఎవరి వంతూ కాదు మామా," అంది సుష్మ. "దగ్గు."

ఆయన పెద్ద కోడలి ముఖం చూశాడు. తర్వాత చిన్న కోడలి ముఖం చూశాడు. ఉమ కూడా దగ్గు మామా అంది. అప్పుడు సీతారామయ్య వాళ్ళిద్దరి ముందూ, ఎటూ ముఖం తిప్పుకోకుండా, వార్డు అంతా వినేటట్టు దగ్గాడు.